శ్రావణి పేరు ముందు రెండు అక్షరాలు

ఇవాళ మధ్యాహ్నం నుంచి నా గుండె దడ తగ్గలేదు. ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు శ్రావణి ఒక పాతకాలపు రచయిత జీవితం మీద బడికి వ్యాసం రాసింది. దాని చిత్తుప్రతిని మంచం మీద వదిలి వెళ్లింది. నేను చదివింది రెండో తరగతే అయినా అక్షరాలు కూడబలుక్కుంటాను. చివర ఇలా ఉంది: "వ్యాసం రాసినది: కీ.శే. శ్రావణి."

దినకర్మ కార్డుల మీద ఆ రెండు అక్షరాలు ఎన్నిసార్లు చూశానో! మా మాదాపూర్‌లో పెద్ద టవర్ ఒకటి కడుతున్నప్పటి నుంచి మా రోడ్డు నిండా లారీలే. బడి ఆటో వచ్చేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాను. పిల్ల దిగగానే ఒళ్లంతా తడిమి చూసి, కాగితం ముందు పెట్టాను.

"ఏందే బిడ్డా, గిట్ల రాసినవ్?"

"పుస్తకంల రచయితలందరి పేర్ల ముందు గదే ఉంది కద నానమ్మా. రాసెటోళ్లకిచ్చే బిరుదనుకున్న."

"అది సచ్చిపోయినోళ్లకు పెడ్తరే!"

అది పడీపడీ నవ్వింది. నేను ఆ అక్షరాలు కొట్టేసి, చిరంజీవిగా ఉండాలని "చి." అని రాశాను.

"పెండ్లి కార్డా నానమ్మా?" అని మళ్లీ నవ్వి, "గానీ గట్లనే రాసిన ఫెయిర్ కాపీ టీచర్ దగ్గరుంది" అంది.

అంటే ఈ రాత్రంతా నా పిల్ల పేరు అక్కడ అలాగే ఉంటుంది. రేపు పొద్దున కలం పట్టుకుని నేనూ ఆ ఆటో ఎక్కుతున్నాను. పిచ్చిదాన్నంటారా? మీ పిల్ల పేరైతే మీకు నిద్ర పడుతుందా, చెప్పండి.