హాలంతా వాటమే!

ఒక్క బాణంతో అరవై అడుగుల హాలును ఒరగదీసినదాన్ని నేను. పురాణాల కాలంలో కాదండీ, మదనపల్లెలో, ఫ్యాను కింద కూర్చుని, కాఫీ తాగుతూ. ఆ హాల్లోనే ఒక మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాను. మీరు నవ్వితే నేనేమీ అనుకోను. ఆ రోజు నాకు మాత్రం వచ్చింది నవ్వు కాదు, చెమట.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. భవనాల నమూనాలు గీసే ఆఫీసులో కంప్యూటర్ ముందు పని. మాది నిమ్మనపల్లె. మా అమ్మ టమోటా తోటల్లో గంపలు మోసి నన్ను చదివించింది. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని జీతం తీసుకున్న మొదటి మనిషిని నేనే. అందుకని ఆ ప్లాస్టిక్ కుర్చీ నాకు సింహాసనంలా ఉండేది. సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాక ఇక బ్రహ్మదేవుడు నాకు జూనియరే అనుకునేదాన్ని.

పుంగనూరులో రెడ్డెప్ప అనే పెద్దాయన పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే హాలు కట్టిస్తున్నాడు. అందులో భోజనాల హాలు గీసే పని మా సార్ నాకిచ్చాడు. నేలంతా చదునుగా ఉండాలి. చివర చేతులు కడుక్కునే చోట మాత్రం నీళ్ళు కాలువలోకి పోయేలా వాటం ఉండాలి. సాఫ్ట్‌వేర్‌లో వాటం పెట్టడం చిటికెలో పని. నేల మీద ఒక బాణం గీసి, ఎంత దిగాలో అంకె వేస్తే చాలు, బుద్ధిగా అటు వంగుతుంది. కాకపోతే ముందు ఆ కడుక్కునే చోటును విడి ముక్కగా కోసుకోవాలి. నేను కొయ్యలేదు. హాలంతా ఒకే పలకగా ఉండగానే బాణం వదిలాను. ఈ చివరి నుంచి ఆ చివరికి హాలు మొత్తం అడుగు దిగిపోయింది. తెర మీద పైనుంచి చూస్తే తేడా కనిపించదు కదా! నేను మురిసిపోయాను. సార్ బెంగళూరు బస్సు ఎక్కే తొందరలో సంతకం పెట్టేశాడు.

పని మొదలయ్యాక మేస్త్రీ మునెప్ప ఫోన్ చేశాడు.

"మేడమ్, హాలంతా వాటం సూపిస్తాండారే? సెయ్యి కడిగే కాడ మాత్రం గదా ఉండాల్సింది?"

"డ్రాయింగ్‌లో ఎట్లుంటే అట్లే వెయ్యి."

"అది గాదు మేడమ్, ఒక తూరి సూసి సెప్తే..."

"మేస్త్రీ, కంప్యూటర్ తప్పు చెయ్యదు!"

"సరే మేడమ్," అన్నాడు. ఆ 'సరే'లో ఎంత జాలి ఉందో అప్పుడు నాకు వినిపించలేదు. కంప్యూటర్ తప్పు చెయ్యలేదన్నది మాత్రం నిజం. దానికి ఏం చెబితే అదే చేసింది, పాపం.

హాలు పూర్తయింది. మొదటి విందు రోజు పొద్దున్నే సార్ నన్ను పిలిచాడు. "నువ్వే గీసినావు గదా, నువ్వే పోయి రా. హాలును నిలువునా కోసినట్టు చూపే బొమ్మ ఒకటి ప్రింటు తీసి, ఫ్రేము కట్టించి ఆయనకియ్యి."

ప్రింటు తీశాను. అందులో నేల జారుడుబల్లలా ఉంది. కాగితం వంకరగా వచ్చిందేమో అనుకుని కొంచెం తిప్పాను. నేల సరిగ్గా నిలిచింది, గోడలు ఒరిగాయి. మళ్ళీ తిప్పాను. గోడలు నిలిచాయి, నేల ఒరిగింది. మూడోసారి తిప్పితే నా కళ్ళే తిరిగాయి.

రెడ్డెప్ప గురించి మీకు చెప్పాలి. ఆయన అరవడు. కోపం పెరిగే కొద్దీ గొంతు తగ్గుతుంది. ఒకసారి ద్వారబంధం వేలెడు పక్కకు జరిగిందని వడ్రంగి చెవిలో "తీసెయ్యప్పా" అన్నాడట. ఆ వడ్రంగి అప్పటినుంచి ఆ వీధి మొహం చూడలేదట. ఆ బొమ్మను నాలుగు మడతలు పెట్టి బ్యాగులో కుక్కి, పుంగనూరు బస్సెక్కాను. దారిలో బస్సు పల్లానికి దిగినప్పుడల్లా నా గుండె కూడా దిగింది.

గుమ్మంలోనే రెడ్డెప్ప ఎదురొచ్చాడు. "రామ్మా, నీ కోసమే సూస్తాండా," అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడంటే, నాకు ఆ వడ్రంగే గుర్తొచ్చాడు.

లోపల చాపలు పరిచి ఆకులు వేస్తున్నారు. నేను వంటశాలలోకి పరుగెత్తాను.

"అన్నా, ఈ పొద్దు రసం వద్దన్నా. ఎండ జాస్తిగా ఉండాది, మజ్జిగ పొయ్యి!"

వంటాయన గరిటె ఆపకుండానే అన్నాడు. "రసం సంగతి రెడ్డెప్ప మాకు సెప్పుండాడు. నువ్వు పోయి కూసోమ్మా."

బంతి చివర ఎక్కడో కూర్చుందామంటే రెడ్డెప్ప మళ్ళీ గుసగుసలాడాడు. "ఇంజనీరమ్మ నా పక్కనే కూసోవల్ల."

కూర్చున్నాను. నేను ఎగువన, ఆయన దిగువన. తలెత్తితే ఎవరైనా నా మొహం చదివేస్తారని చూపు ఆకు దాటనివ్వలేదు. ఓళిగ వడ్డించారు, అదేనండీ, బొబ్బట్టు. దాని మీది నెయ్యి నెమ్మదిగా రెడ్డెప్ప వైపు ప్రయాణం కట్టింది. అన్నం వచ్చింది. తర్వాత రసం బకెట్ వచ్చింది.

"కొంచెం, కొంచెం చాలన్నా!"

వడ్డించేవాడు నిండు గరిటె పోశాడు. నేను గబగబా అన్నంతో కట్ట వేశాను. రసం కట్ట తెంపింది. ఇంకో కట్ట వేశాను, అదీ తెగింది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. నా రసం నీటికంటే తెలివైనది. ఆవాలనూ కొత్తిమీరనూ వెంటబెట్టుకుని, ఆకు అంచు దాటి, నేరుగా వెళ్ళి రెడ్డెప్ప ఓళిగ కింద చేరింది.

ఆయన తల తిప్పి నన్ను చూశాడు. పెదవులు కదిలాయి కానీ మాట వినపడలేదు. అంత మెల్లగా!

నేను లేచి నిలబడిపోయాను. "తప్పు నాదే సార్! మునెప్పది గాదు. ఆయన అడిగినాడు, నేనే వినలేదు. నేను పెట్టిన బాణమే అంతా ఒరగదీసింది. ఆయన్నేమీ అనొద్దండి!" కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉద్యోగం పోతే అమ్మకు ఏమని చెప్పాలో కూడా అప్పుడే ఆలోచించేశాను.

"కూసోమ్మా," అన్నాడు, మామూలు గొంతుతో. "మునెప్ప ఆ దినమే వచ్చి నాకు సెప్పినాడు."

"మరి యాల ఆపలేదు సార్?"

"ఈ పక్క నాలుగు బిందెలు నీళ్ళు పోస్తే హాలంతా దానంతటదే కడుక్కొని ఆ పక్కకు పోతాది. బాగుండాదే అని ఉండనిచ్చినా."

"మరి, రసం?"

"ఒక తూరి తలెత్తి సూడు."

చూశాను. బంతి పొడుగునా అందరి పక్కనా గ్లాసులు. గ్లాసుల్లో రసం.

"అందరికీ గ్లాసులోనే పొయ్యమన్నా. నీకొక్కదానికే ఆకులో. నువ్వు ఒప్పుకుంటావో, మునెప్ప మీదికి తోస్తావో సూద్దామని," అని తన ఆకు వైపు చూసుకున్నాడు. "నా ఓళిగ తడుస్తాదని మాత్రం అనుకోలేదమ్మా."

ఎదుటి బంతిలో మునెప్పకు రసం పొలమారి దగ్గు వచ్చింది. ఆ తర్వాత హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. కుప్పంలో తన అల్లుడు కట్టిస్తున్న హాలు కూడా రెడ్డెప్ప నన్నే గీయమన్నాడు. దాని నేలను ఆరుసార్లు నిలువునా కోసి చూసుకుని పంపాను.

కాబట్టి పాఠకులారా, మీ సాక్షిగా, సకల మేస్త్రీల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పలక కొయ్యందే బాణం వెయ్యను. మేస్త్రీ ఫోన్ చేస్తే లేచి నిలబడి వింటాను. నేను గీసిన ఏ హాల్లోనూ, యజమానికి ఎగువన కూర్చుని ఈ జన్మలో భోంచెయ్యను.