ఇంజిను చెడగొట్టింది మేస్త్రీ కాదు

నా కారు ఇంజిను పోవడానికి హిందూపురం మేస్త్రీ కారణమని రెండేళ్లపాటు చెప్పుకుంటూ తిరిగాను. అది అబద్ధం. చెడగొట్టింది నేను. ఈ రెండు ముక్కలు రాయడానికి నాలుగు రోజులుగా కూర్చుంటున్నాను, లేస్తున్నాను. కూర్చున్న ప్రతిసారీ నన్ను కాస్త మంచివాడిగా చూపించే వాక్యమే ముందు వస్తోంది. అలాంటివన్నీ కొట్టేసి మొదలుపెడుతున్నాను. మేస్త్రీ పేరు రాయడం లేదు. హిందూపురం వాళ్లకు ఎవరో తెలుసు.

ధర్మవరం మగ్గాల దగ్గర పట్టుచీరలు తీసుకుని హిందూపురంలో అమ్మడం నా వ్యాపారం. బెంగళూరు అంగళ్లకూ వేస్తాను. ఆ పనికి వ్యాను చాలు. కానీ బెంగళూరులో ఒకాయన అమ్మకానికి పెట్టిన విదేశీ కారును చూశాక నాకు మనసు నిలవలేదు. మామూలు కారులా వెనక డిక్కీ విడిగా ఉండదు. పైకప్పు చివరిదాకా పొడుగ్గా సాగి ఉంటుంది. వెనక సీట్లు మడిస్తే మంచమంత చోటు. దాన్ని కొత్తగా కొనడం నా వల్ల అయ్యేది కాదు. ఎనిమిదేళ్ల పాతది కావడంతో మామూలు కారు ధరకే వచ్చింది. ఎందుకంత తక్కువకు ఇస్తున్నాడో నేను అడగలేదు. ఇంటికి తెచ్చిన రోజు నా బావమరిది చుట్టూ తిరిగి చూసి, "ఏం బావా, అంబులెన్సు తెచ్చినావే" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వనీ, వీళ్లకేం తెలుసు అనుకున్నాను.

కారు పాతబడితే కారు ధర తగ్గుతుంది, దాని సామాన్ల ధర తగ్గదు. ఈ సంగతి నాకు మూడో నెలలో తెలిసింది. ఆ కారుకు స్ప్రింగులకు బదులు గాలి సంచులుంటాయి. ఒక పొద్దున చూస్తే ముందు కుడివైపు కాలు విరిగిన ఎద్దులా నేలకు ఆనుకుని ఉంది. షోరూములో అడిగితే ఒక్క సంచికి లక్షా పాతిక వేలన్నారు. అప్పుడే మేస్త్రీ దగ్గరికి పోయాను. బెంగళూరులో పెద్ద కార్ల పని ఇరవై ఏళ్లు చేసి వచ్చి, పెనుకొండ రోడ్డులో షెడ్డు పెట్టుకున్నాడు. పాత సంచినే బాగు చేయించి నలభై వేలలో ముగించాడు. పాడైన రబ్బరు నా చేతిలో పెట్టి చీలిక ఎక్కడుందో వేలితో తడిమి చూడమన్నాడు. ఏ పని చేసినా అంతే, పోయిన సామాను చేతికిచ్చి చూపించేవాడు. ఎడమవైపుది కూడా ఏడాదిలో పోతుందన్నాడు, పోయింది. తర్వాత పైకప్పు అద్దం చుట్టూ నీళ్లు పోయే సన్నటి గొట్టాల్లో మట్టి పేరుకుని, మొదటి వానకే సీట్ల కింద తివాచీ నానింది. దాని కింద ఉన్న కంప్యూటరు పెట్టె తడిసి, గేరు పడకుండా కారు మొరాయించింది. అదీ ఆయనే ఆరబెట్టి బాగు చేశాడు.

ఆ తర్వాత ఇంజిను చల్లబరిచే ద్రవం కారడం మొదలైంది. మేస్త్రీ చూసి పంపుకు ఉన్న ప్లాస్టిక్ పగిలిందన్నాడు. ముందుభాగం సగం విప్పాలి, కూలీతో కలిపి డెబ్బై వేలవుతుంది, సామాను బెంగళూరు నుంచి రావడానికి పది రోజులు పడుతుంది. నా చేతికి రెండు క్యాన్ల ద్రవం ఇచ్చి, "అంతదాకా ఇదే పోస్తాండు. నీళ్లు పోయొద్దప్పా. మన బోరు నీళ్లయితే అసలే వద్దు" అన్నాడు.

విన్నాను. మరిచిపోయానని చెప్పడానికి వీల్లేదు.

పెళ్లిళ్ల గిరాకీ అయ్యాక చూద్దాం, సామాను ఇప్పుడే తెప్పించవద్దని చెప్పి వచ్చేశాను. పది రోజుల పని రెండున్నర నెలలు వాయిదా వేశాను. క్యాన్లు అయిపోయాయి. మా నాయన ట్రాక్టరుకు చేని మడవలో, కాలవలో పారే నీళ్లు ముంచి పోసేవాడు, అది ముప్పై ఏళ్లు దున్నింది. ఆ లెక్కే నా తలలో ఉంది. పెనుకొండ దాటాక రోడ్డు పక్కన ఒక మల్బరీ తోట, అందులో బోరు. వారానికి రెండుసార్లు అక్కడ ఆగి సీసాలతో పట్టి పోసేవాణ్ని. తోటలో పనిచేసే అవ్వ ఒకసారి, "ఈ నీళ్లు మేమే తాగం నాయనా, బిందెలకంతా సున్నం పట్టేస్తాది" అంది. తాగేది బండి కదవ్వా అని నవ్వాను.

ఇంజిను పోయిన రోజు ధర్మవరం నుంచి పెళ్లిచీరలు వేసుకుని వస్తున్నాం. పక్కన నా భార్య ఉంది. హిందూపురంలో పెళ్లివాళ్లు చీరలకు ముహూర్తం పెట్టుకుని నా అంగట్లో కూర్చున్నారు. దారిలో ఎర్రదీపం వెలిగి గంట మోగింది. నా భార్య ఆపమంది. పెనుకొండలో ఆపుతానన్నాను. గంట మోగుతూనే ఉంది. పెనుకొండ కనిపిస్తుండగా బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచి, కారు ఒక్కసారి ఊగి ఆగిపోయింది. చీరలు ఆటోలో పోయాయి. కారును లారీ మీద ఎక్కించి హిందూపురం నడిబజారులోంచి తీసుకుపోయారు. అందరూ చూశారు.

ఏమైందని అడిగిన మొదటి మనిషికి, ఆ షెడ్డులో మొన్ననే పంపు మార్పించానని, పాతది వేసి కొత్తదన్నట్లున్నాడని చెప్పాను. ముందుగా ఆలోచించి చెప్పింది కాదు. కానీ చెప్పగానే ఎదుటివాడి ముఖంలో నా మీద జాలి కనిపించింది. అంబులెన్సు అని నవ్వినవాళ్లు కూడా జాలిపడ్డారు. అది హాయిగా అనిపించింది. సాయంత్రానికి మా వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో అదే మాట నా గొంతుతో పెట్టాను. ఆ షెడ్డుకు ఎవరూ పోవద్దన్నాను.

బెంగళూరులో ఇంజిను విప్పినవాళ్లు లోపల నీటిదారులన్నీ తెల్లగా రాయిలా పట్టేసి ఉన్నాయని ఫోటోలు పంపి, ఏం నీళ్లు పోశారని అడిగారు. ఆ ఫోటోలు చెరిపేశాను. మూడున్నర లక్షలు కట్టాను.

మేస్త్రీ ఒక్కసారే నా అంగడికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, "నేను పంపు ముట్టనే లేదు కదప్పా" అన్నాడు. లోపల గిరాకీ ఉంది. చీర మడత విప్పుతూనే, తర్వాత మాట్లాడదామన్నాను. ఆయన వెళ్లిపోయాడు. ఏడాది తిరగకముందే షెడ్డు మూతపడింది. ముదిగుబ్బలో ట్రాక్టర్లు బాగు చేస్తున్నాడని విన్నాను. అయినా కథ చెప్పడం మానలేదు. చెప్పినకొద్దీ దానికి కొత్త వివరాలు చేరాయి.

పోయిన నెల ఒక చుట్టానికి అదే కథ చెబుతుంటే నా భార్య కాఫీ లోటా ముందు పెట్టి, "ఇంకెన్నాళ్లు చెప్తావు ఇది? ఆ పొద్దు నేనూ బండిలోనే ఉంటి" అని లోపలికి పోయింది. చుట్టం కాఫీ తాగుతూ మాట మార్చాడు.

మరుసటి రోజు బస్సెక్కి ముదిగుబ్బ పోయాను. మేస్త్రీ ఒక ట్రాక్టరు కింద పడుకుని ఉన్నాడు. బయటికి వచ్చేదాకా నిలబడి, అంతా చెప్పాను. బోరు నీళ్ల సంగతి, ఫోటోల సంగతి. ఆయన చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"ఇది నాకు చెప్పేదెందుకప్పా? నాకు తెలిసిందే కదా. యాడ చెప్పినావో ఆడ చెప్పు."

ఆ సాయంత్రమే గ్రూపులో రాశాను. తప్పు నాది, మేస్త్రీ పంపు ముట్టలేదు, బోరు నీళ్లు పోసి నేనే పాడుచేశానని. వెంటనే దండాల బొమ్మలు, పూల బొమ్మలు వచ్చాయి. ఒప్పుకోవడానికి పెద్ద మనసు కావాలన్నా అని ఒకరు రాశారు. మేస్త్రీ గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. ఒకాయన ఫోన్ చేసి, అయినా ఆయన పని అంతంత మాత్రమేనని, తన తోడల్లుడి కారు కూడా చెడగొట్టాడని విన్నానని చెప్పాడు. ఆ తోడల్లుడి కారు సంగతి నేనెప్పుడూ చెప్పలేదు. చివర్లో, "ఇప్పుడు నీ కారు యాడ చేపిస్తాండావు?" అని అడిగాడు. బెంగళూరులో అన్నాను. "చూడు మరి" అని నవ్వి పెట్టేశాడు.

ఆ నవ్వు రెండు రోజులు నన్ను ఒకచోట కూర్చోనివ్వలేదు. కారు తీసుకుని మళ్లీ ముదిగుబ్బ పోయాను. వెనక గాలి సంచి దిగుతోంది, నువ్వే చూడాలి మేస్త్రీ అన్నాను. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, చక్రం పైన చెయ్యి పెట్టి చూశాడు. ఇలాంటి కార్లలో తప్పు ఎక్కడుందో చదివే మిషను కావాలని, షెడ్డు మూసినప్పుడు దాన్ని అమ్మేశానని చెప్పాడు. ఇప్పుడు కొనాలంటే ఎంతవుతుందని అడగబోయాను. నేను నోరు తెరవకముందే ఆయనే, "ఆయిలు మాత్రం మార్చగలను. మార్చమంటావా?" అన్నాడు.

మార్చమన్నాను. ముందు రెండు ట్రాక్టర్లు ఉన్నాయి. కారును వాటి వెనక పెట్టుకోమన్నాడు.