మూడో పిలుపు

2022 చలికాలం. ఇబ్రహీంపట్నం చెరువు నిండుగా ఉంది. ఒడ్డునే ఉన్న ఒక ఊరి యువజన సంఘానికి నన్ను శిక్షకురాలిగా పంపారు. నలుగురిలో మాట్లాడటం, సభ నడపటం, పదిమందిని కలుపుకొని పోవటం, ఇవి పల్లె పిల్లలకు నేర్పడమే నా ఉద్యోగం. కమ్యూనిటీ హాల్లో పొద్దున ఆరున్నరకే క్లాసు. కొందరు ఆదిభట్ల కంపెనీ బస్సు అందుకోవాలి, కొందరు శేరిగూడ కాలేజీకి పోవాలి. ఆ వేళకు మంచు విడిచేది కాదు. కిటికీ అవతల నేల ఎక్కడ ఆగుతుందో, నీళ్లు ఎక్కడ మొదలవుతాయో తెలిసేది కాదు.

మా పనిలో మొదటి పాఠం రోల్ కాల్. పేరు పిలవగానే లేచి, స్పష్టంగా పలకాలి. మనిషి బెరుకు అక్కడే బయటపడుతుంది. శిరీషకు పందొమ్మిదేళ్లు, చేపలు పట్టే ఇంటి పిల్ల. మొదటి పిలుపుకు పలకలేదు. రెండోదానికీ పలకలేదు, నన్నే చూస్తూ కూర్చుంది. మూడోసారి పిలిచాక లేచి, "ఉన్న అక్కా" అంది గట్టిగా.

"దానికి సిగ్నల్ తక్కువక్కా. మూడోసారికి గాని కలవది," అన్నాడు వెనక నుంచి మహేశ్.

"నీది కలుస్తది గని మాట తెగుతది," అంది శిరీష తిరిగి చూడకుండానే. నవ్వులన్నీ మహేశ్ మీదికి మళ్లాయి.

ఇంత నోరున్న పిల్లకు బెరుకేమిటో అర్థం కాలేదు. అయినా అబ్జర్వేషన్ షీట్‌లో, అంటే ఒక్కొక్కరి తీరు రాసుకునే కాగితంలో, 'స్పందన ఆలస్యం' అని రాశాను. ఆ ముక్క ఉంటే ఆమెను సంఘం లీడర్‌గా సిఫారసు చేయలేను. ఆమె కోరుకున్నది అదే. లీడర్ అయితే మండల సభలో మైకు ముందు నిలబడి, తెప్పల మీద వేటకు పోయేవాళ్లకు లైఫ్ జాకెట్లు అడగాలని ఆమె పట్టుదల. వాళ్లన్న ఆ చెరువులోనే పోయాడు.

మొదటి పిలుపుకే ఎందుకు పలకవని పక్కకు పిలిచి అడిగాను.

"మొదటిసారి పిలిస్తే పలకొద్దక్కా. రెండోసారి గూడ పలకొద్దు. మూడోసారి పిలిచిందంటే మనిషే."

"మనిషి కాకపోతే?"

"దానికి రెండుసార్లే చాతనైతది."

నేను పారాయణాల మధ్య, భజన మండలిలో పెరిగినదాన్ని. నాకు నవ్వొచ్చింది. "అంతటా ఉన్నది భగవంతుడే. నామం నాలుక మీదున్నవాళ్లకు భయం దేనికి? భక్తుడైనా, నాయకుడైనా మొదటి పిలుపుకే లేవాలి," అన్నాను. రెస్పాన్స్ డ్రిల్ చేయించాను. బంతి విసిరి పేరు పిలుస్తాం, బంతి చేతికి అందేలోపు పలకాలి. రెండు వారాల్లో అందరికంటే ముందు పలికేది శిరీషే. షీట్‌లో ఆ ముక్క కొట్టేశాను.

అప్పుడు వాళ్లమ్మ యాదమ్మ వచ్చింది. నెత్తి మీది గంప దించలేదు.

"ఏం మేడం, నా బిడ్డకు ఏం నేర్పుతున్నవ్?"

"ధైర్యం నేర్పుతున్నానమ్మా."

"నా పెద్దోడు గూడ ధైర్యంగనే పలికిండు. వాడు వల తీస్తుండు, నేను ఒడ్డుకున్న. నీళ్ల దిక్కు తిరిగి 'ఆఁ, వస్తున్న' అన్నడు. నేను పిల్వలే. ఎవ్వలు పిల్వలే."

భగవంతుడు కాపాడతాడని ఏదో చెప్పబోయాను.

"నీ దిక్కు దేవుడున్నడు, సరే. నీళ్లల్ల ఎవరున్నరో నీకు తెల్వదు గద," అని వెళ్లిపోయింది.

మండల సభకు ముందు రోజు, పిల్లలకు అలవాటు కావాలని మైకు తెప్పించాను. మంచు బాగా పట్టి ఉంది. రిజిస్టరు మీద నుంచి తల ఎత్తకుండా మైకులోనే రోల్ కాల్ తీశాను.

"శిరీష."

"ఉన్న అక్కా."

టిక్కు పెట్టి మిగతా పేర్లు పిలిచాను. అంతా అయ్యాక తలెత్తితే ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

"శిరీష ఏది?"

"ఇంకా రాలేదక్కా." మహేశ్ ముఖంలో నవ్వు లేదు.

"ఇప్పుడే పలికింది కదా?"

"పలికింది. మేం గూడ ఇన్నం. గిక్కడైతే లేదు."

కాసేపటికి శిరీష గుమ్మంలోకి వచ్చింది. గుండెల దాకా తడిసి ఉంది. కాళ్లకు చెప్పులు లేవు.

"నన్ను పిల్చినవా అక్కా?"

"రోల్ కాల్‌లో పిలిచాను. ఎక్కడున్నావు నువ్వు?"

"నాయిన తెప్ప కట్టనీకి రేవుకు పోయిన. నీ గొంతు ఇనవడ్డది. 'ఉన్న అక్కా' అన్న. దగ్గర్నే ఉన్నవనుకొని నడిచిన. మళ్ల పిల్చినవ్, జర దూరంకెల్లి. చూస్తే నీళ్లు గీడ దాక వచ్చినయ్," అని ఛాతీ మీద చెయ్యి పెట్టింది. "అమ్మ మాట యాదికొచ్చింది. మూడో పిలుపు కోసం ఆగిన."

"తర్వాత?"

"రాలే."

మైకు గొంతు మంచులో, నీళ్ల మీదుగా రేవు దాకా పోయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. కాని నేను పిలిచింది ఒక్కసారే. పలికింది కాబట్టే టిక్కు పెట్టాను. రేవు మాకు బాగా దూరం. అక్కడ పలికితే హాల్లో వినపడదు. పైగా ఆమె దగ్గర మైకు లేదు.

ఆ మధ్యాహ్నమే యాదమ్మ ఇంటికి వెళ్లి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఇక బిడ్డను పంపదనే అనుకున్నాను. ఆమె చేతిలోని వల చిక్కు తీస్తూనే మాట్లాడింది.

"రేపు దాన్ని మాట్లాడనియ్యి. వాళ్లన్న కోసమే గద అది అడిగేది. గని పేరు మూడుసార్లు పిలిపియ్యి," అంది.

మండల సభలో పేరు పిలిచే ఆయనకు చెప్పి మూడుసార్లు పిలిపించాను. మూడోదానికి శిరీష లేచింది, తడబడకుండా మాట్లాడింది. ఆ ఎండాకాలానికి రేవులో లైఫ్ జాకెట్లు వేలాడుతున్నాయి.

వాక్కు తపస్సు అని మా సత్సంగంలో చెబుతారు. నేను పిల్లలకు నాలుక ఒక్కటే నేర్పాను. పిలిచింది ఎవరో చెవితో తేల్చుకోవడం ఆ తపస్సులో మొదటి సగమని శిరీష దగ్గర తెలుసుకున్నాను. నా నమ్మకం ఏమీ సడలలేదు, జపం రోజూ సాగుతూనే ఉంది. కాని ఎవరి నీళ్లలో ఏముందో, ఏం లేదో వాళ్లకు నేను చెప్పడం మానుకున్నాను. షీట్‌లో కొట్టేసిన ముక్క పక్కన 'విని పలుకుతుంది' అని రాశాను.

ఇప్పుడు ఆ సంఘానికి శిరీషే లీడర్. నేను వెళ్లినప్పుడు రోల్ కాల్ తనే తీస్తుంది, ఒక్కో పేరు మూడుసార్లు. చివరి పేరు నాది. ఎదురుగా నిలబడి పిలుస్తున్నది ఆమేనని కళ్లతో చూస్తూ కూడా, మూడోది వినేదాకా నేను పలకను.