ఆలిస్ అక్క కాల్చిన రెక్కలు

మా ప్రేమ్ బజార్ పేటలోని ఆలిస్ అక్క గొప్పతనం చెప్పడానికి నాకన్నా అర్హుడు లేడు. తొమ్మిదో తరగతిలో చదువే నన్ను అందుకోలేక ఆగిపోయింది కనుక, పుస్తకజ్ఞానం నా మాటకు అడ్డురాదు.

అది తొంభై ఏడు మే నెల. మా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం మీద కాళ్ళు కాలి, కాకులు కూలీల తలపాగాల మీద వాలేవి. ఆ ఎండల్లో అక్క టైపింగ్ కొట్టులోని ఒక్కగానొక్క కంప్యూటర్ మొరాయించింది. కాసేపు పనిచేసి బిగుసుకుపోయేది. ఆదివారానికి మా తెలుగు చర్చి పండగ పాటల పుస్తకం అచ్చవ్వాలి. కొట్టుకొచ్చిన మొదటి పెద్ద పని అది. తప్పితే గోల్‌బజార్ ప్రెస్సుకు పోతుంది, ఆపైన అక్క గుమ్మం ఎవరూ ఎక్కరు.

లోపలి ప్రాసెసర్ వేడెక్కుతోందని తేలింది. అక్క కొత్త ఫ్యాను, వేడిని పైకి లాగే అల్యూమినియం రెక్కల దిమ్మ, తెల్లటి పేస్టు ట్యూబు తెచ్చింది. బిగించింది మామగారు విల్‌ఫ్రెడ్, రైలింజన్లు బాగుచేసే లోకోషెడ్‌లో రిటైరైన ఫిట్టర్. షెడ్డులో ఆయన ధర్మం ఒకటే: గ్రీజు పొర్లాలి. ట్యూబంతా ప్రాసెసర్ మీద పిండేశాడు.

కంప్యూటర్ మళ్ళీ బిగుసుకుంది. ఆయన మాత్రం రెక్కలు తడిమి మురిసిపోయాడు.

"సూడమ్మా, మంచుగడ్డలా ఉంది! నా సెయ్యి అలాటిది."

అక్క కూడా తాకింది. "ఏటి మావయ్యా, కిందది కాలిపోతంటే పైది సల్లగుంటే మంచిదేటి? వేడి పైకి ఎక్కట్లేదన్నమాట."

"గ్రీజు తక్కువైందేమో?"

"ఇంకా నయం! ఇదేమైనా రైలింజను సెక్రమా? రెండూ ఒకదానికొకటి అంటుకోవాల. మద్దిన సన్నటి గరుకుల్లో ఉండిపోయిన గాలి పోడానికే పేస్టు. మీరు పరుపు పరిసేసినారు."

అంతా తుడిచేసింది. దోసెపెనానికి ఉల్లిపాయతో నూనె రాసినట్టు పలచగా రాసి, దిమ్మను గట్టిగా బిగించింది. వేడిగాలి బయటికి పోయేలా పెట్టెను గోడ దగ్గర్నుంచి ముందుకు జరిపింది.

ఈసారి సాయంత్రమైనా తెర మీద పాటలు కదులుతూనే ఉన్నాయి. విల్‌ఫ్రెడ్ రెక్కల మీద వేలు పెట్టి ఒక్క గెంతు గెంతాడు. ఆ గెంతుకి అవతలి పేట ఇందా దాకా పోయి వచ్చాడంటే నమ్మాలి మీరు.

"బాబోయ్, కాల్తంది!"

"దేవునికి స్తోత్రం," అంది అక్క, టైపు ఆపకుండా.

ఆదివారం అందరూ కొత్త పుస్తకాలు తిప్పుతుంటే, ఆయన ఎర్రగానైనా కాని వేలు అందరికీ చూపిస్తూ తిరిగాడు: "మా కోడలి కంప్యూటరు కరిసేసినాది!"