బండి బరువు తగ్గించడానికి నా సీటే దొరికిందా?

నా పేరు అప్పలనరసమ్మ. డెబ్బై దాటాయి. కలకత్తా ఖిదిర్‌పూర్ డాక్ క్వార్టర్స్‌లో కోడలు పార్వతి, మనవడు రాజు, మనవరాలితో ఉంటున్నాను. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

రాజు తన పికప్ బండిని బురద పందేలకు తీసుకెళతాడు. ఈ రోజు బరువు తగ్గించాలని బళ్లు బాగుచేసే మిస్త్రీ చేత వెనక సీటు విప్పించేశాడు. ఆదివారాలు టికియాపారాలో ఉన్న చెల్లెలి దగ్గరకు నేను వెళ్లేది ఆ సీట్లోనే. బస్సెక్కడానికి నా మోకాళ్లు ఒప్పుకోవు. వాకిట్లో పడేసిన సీటు మీద కూర్చుని, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగడం మొదలుపెట్టాను.

"లెగే మామ్మా, సీటు కాలిపోతాది!" అన్నాడు రాజు.

"నిప్పు నా నోట్లో ఉందిరా, నీ సీటు మీద నేదు. బండిలో ఆ పాటల డబ్బాలు దూదితో సేసినారేటి? ముందు అవి దించు."

"ఠిక్ కథా, మాసిమా!" అని, సరిగ్గా చెప్పావు పిన్నీ అన్నట్టు, బెంగాలీలో అంటూ మిస్త్రీ పకపకా నవ్వాడు.

రాజు మొహం మాడ్చుకుని డబ్బాలు దించాడు, సీటు మళ్లీ బిగించాడు. వచ్చే పందానికి నేనూ వెళ్లి, బండి బురదలో దిగబడితే వెనక నుంచి తోస్తానని వాడికి మాటిచ్చాను. ఎక్కువ అడిగానంటారా? మీరే చెప్పండి.

ఇది నా వేలిముద్ర. చూసినవాళ్లు: కోడలు పార్వతి, మిస్త్రీ గణేశ్.