దయ్యం కాదు, భయం

ప్రభువునందు ప్రియమైన అక్కలారా, సహోదరులారా, నేను అద్దంకి దగ్గర పల్లెలో మిరపకాయలు కోసుకుని బతికే రూతమ్మను. వెనక నుంచి ఎవరైనా ముట్టుకుంటే చాలు, నాకు తెలియకుండానే నా చెయ్యి లేచిపోయేది! మా పెళ్లిలో నా భుజం సరిచేయబోయిన ఫొటోగ్రాఫర్‌కు చెంపదెబ్బ తగిలింది, మా ఆల్బంలో చుట్టాలందరూ నోళ్లు తెరుచుకునే ఉంటారు. పట్టపగలు కూడా తలుపుకు గడియ వేసి, మంచం అడ్డం పెట్టేదాన్ని, పాపం మా ఆయన ఏసోబు చేను నుంచి వచ్చి, కారం చేతులతో చెమట తుడుచుకోలేక, "ఒసేయ్, నేనేనే, నీ మొగుణ్ణే!" అని వీధంతా వినబడేలా మొత్తుకునేవాడు.

నవ్వండి, పరవాలేదు. ఎందుకలా అయ్యానో మాత్రం అప్పట్లో ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు మా బంధువు ఒకడు నా మీద అఘాయిత్యం చేసి, "చెప్పావంటే మీ అమ్మ గుండె ఆగి చస్తుంది" అన్నాడు. అమ్మను బతికించుకోవాలని నోరు మూసుకున్నాను. తప్పు నాదేననుకుని, ప్రార్థనలో దేవుని దగ్గర కూడా ఆ సంగతి ఎత్తేదాన్ని కాదు.

ఒక ఉపవాస కూటంలో, కొత్తగా వచ్చిన ప్రసంగీకుడు వెనక నుంచి నా తలమీద చెయ్యి పెట్టాడు. నా మోచెయ్యి లేచింది, ఆయన వెళ్లి డోలక్ మీద పడ్డాడు! అందరూ "దయ్యం! దయ్యం!" అని నన్ను చుట్టుముట్టి, "వెళ్లిపో! వెళ్లిపో!" అని గద్దిస్తుంటే, "వెళ్లిపోతానయ్యా, ముందు దారి వదలండి!" అని ఏడ్చాను.

మా పాస్టరమ్మగారు జనాన్ని తోసుకుంటూ వచ్చి, "తప్పుకోండయ్యా! అది దయ్యం కాదు, భయం" అన్నారు. నన్ను తన వంటింట్లోకి తీసుకెళ్లి, కాస్త ఎడంగా పీట వేసుకుని, "ఎవడమ్మా?" అన్నారు. అంతే, అన్నేళ్ల మాట బయటికొచ్చింది. "ప్రభువా, నేను పాడైపోయినదాన్ని" అని నేను ప్రార్థిస్తే, ఆవిడ మధ్యలోనే ఆపి, "పాడు పని చేసింది వాడు. నువ్వు పసిబిడ్డవి" అన్నారు. ప్రార్థనతో వదిలేయకుండా, గుంటూరులో మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ బస్సులో నా వెంట వచ్చారు.

ధైర్యం వచ్చాక మా ఆయనకూ, అమ్మకూ చెప్పాను. అమ్మ గుండె ఆగలేదు సహోదరులారా! రోకలి పట్టుకుని వాడింటికి బయలుదేరింది. "అత్తా, ముందు పోలీసు స్టేషన్‌కు పోదాం" అని మా ఆయన బతిమాలితే, "సరే పద, ఇదీ వస్తది" అని రోకలిని కూడా ఆటో ఎక్కించింది. కేసు నడుస్తోంది.

ఇప్పటికీ ఒక్కోరోజు ఉలిక్కిపడతాను. నేను జడుసుకోకూడదని మా ఆయన వీధి మొదట్లోనే కీర్తన ఎత్తుకుంటాడు, ఆ గొంతు భరించలేక నేనే పరుగెత్తి తలుపు తీస్తున్నాను. దేవునికే మహిమ!

తల్లులారా, మీ బిడ్డ ఎవరి దగ్గరికైనా వెళ్లనని మొండికేస్తే, మర్యాద నేర్పబోకండి, ఎందుకని అడగండి. నాలాగా నోరు మూసుకున్నవారు ఇక్కడ ఎవరైనా ఉంటే, కూటం అయ్యాక నేను మందిరం అరుగు మీదే ఉంటాను, రండి. ఏమీ చెప్పకపోయినా సరే. కావాలంటే దూరంగానే కూర్చోండి, మధ్యలో ప్రభువు కూర్చుంటాడు.