గుమ్మం బయట చింపిన కార్డు

మొన్న ఆదివారం పొద్దున్న రాజోలులో మా మేనత్తగారి అబ్బాయి పోయాడని మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. నిమిషం తిరక్కుండా దాని కింద ముప్పై జతల చేతులు దణ్ణాలు పెట్టేశాయి, ఆ దణ్ణాల కిందే ఎవరో గులాబీ పువ్వుతో శుభోదయం చెప్పారు, ఆ గులాబీ కింద ఇంకెవరో రొయ్యల వేపుడు ఫొటో పెట్టారు. ఇంతలో మా తమ్ముడి భార్య ఫోను చేసి, "వదినగారూ, ఆ మెసేజీ చదివేసేరా? చదివేస్తే తీసెయ్యండి. చావు కబురు ఫోన్లో ఉంచుకోకూడదంటండి" అంది. తను అప్పుడే తీసేసిందట. ఛీ అనుకున్నాను. ఛీ అనుకున్నది ఒక్క ఆవిడని మాత్రమే కాదు, అందుకే ఇది రాస్తున్నాను.

మన వయసువాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో చావు కబురు కార్డు ముక్క మీద వచ్చేది, దాన్ని గుమ్మం బయటే నిలబడి చదివి, అక్కడికక్కడే ముక్కలు చేసి పారేసి, కాళ్ళు కడుక్కుని లోపలికి రావాలి. మేం మూడు తరాలుగా చర్చికి వెళ్తున్నవాళ్ళం, శకునాలూ ముహూర్తాలూ లేవని అమ్మ ఇరుగుపొరుగుకి గట్టిగానే చెప్పేది, కానీ తాతల నాటి మతం పోయింది గానీ ఈ కార్డు చింపడం మాత్రం పోలేదు. వాక్యం చదివే నోటితోనే 'లోపలికి తేకు' అనే అమ్మని చూస్తే నాకు చిన్నప్పట్నుంచీ చీదరే.

నేను పి.గన్నవరం దగ్గర ఒక బడిలో సైన్సు టీచరుగా చేరిన కొత్తలో, బడి లైబ్రరీకి వచ్చే ఒక ఇంగ్లీషు పత్రిక చివరి పేజీలో కలం స్నేహం కోరేవాళ్ళ చిరునామాలు వేసేవారు. అలా మొదలైంది నా కార్డుల పిచ్చి. జపాను నుంచి ఒక రైల్వే గుమాస్తా, బ్రెజిల్ నుంచి ఒక పళ్ళ డాక్టరుగారి భార్య, ఇంకా ఎవరెవరో బొమ్మ కార్డులు పంపేవారు. బదులు పంపడానికి మన దగ్గర బొమ్మ కార్డులేవీ? అమలాపురం షాపుల్లో సినిమా తారలూ గులాబీ గుత్తులూ తప్ప ఏమీ దొరికేవి కావు. చివరికి గన్నవరం ఫొటో స్టూడియో ఆయన్ని బతిమాలి, కింద ఏరూ పైన కాలువా పారే మా అక్విడెక్టుని ఫొటో తీయించి, అట్టకి అంటించి పంపేదాన్ని. ఆయన ప్రతి ఫొటోలోనూ ఒక మూల తన సైకిలు పడేలా తీసేవాడు, ఎంత పోట్లాడినా మానలేదు. ప్రపంచంలో అరడజను దేశాలు ఆ సైకిలుని చూశాయి.

వాళ్ళందరిలో తొమ్మిదేళ్ళు విడవకుండా రాసింది ఫిన్లండ్‌లో ఒక బడి వంటగదిలో పనిచేసే ఆవిడ. నాకన్నా పదేళ్ళు పెద్దది. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకటికొకటి సరిపోయేవి. కార్డు మీద పై మూల ఆ రోజు తమ ఊళ్ళో ఎన్ని డిగ్రీల చలో వేసేది, మీ ఊళ్ళో ఎంత అని అడిగేది. మా ఇంట్లో ఉష్ణమాపకం ఎక్కడిది? అందుకని దండెం మీద ఆరేసిన నా చీర ఎంతసేపటికి ఆరిందో రాసేదాన్ని. ఏప్రిల్లో పావుగంట, ముసురు పట్టినప్పుడు రెండు రోజులైనా ఆరలేదు. ఆవిడకి అది ఎంతగానో నచ్చి, వాళ్ళ వంటగదిలో అందరూ నా చీర కబురు కోసం చూస్తారని రాసింది. మా పోస్టుమాను కార్డు చేతికిస్తూ, "టీచరుగారూ, ఈసారీ మంచు బొమ్మేనండి. పాపం ఆవిడకి వేరే బొమ్మలు దొరకవనుకుంటానండి" అని జాలిపడేవాడు.

ఊడ్పుల రోజుల్లో ఒక సాయంత్రం వచ్చిన కార్డు మీద మంచు లేదు, చెరువు ఉంది. పై మూల డిగ్రీలూ లేవు. అమ్మ గుమ్మంలో కూర్చుని చీపురుకి ఈనెలు తీస్తోంది, నేను వాకిట్లో నిలబడి చదివాను. తన భర్త నిద్రలోనే పోయాడనీ, ఆ ఇల్లు ఖాళీ చేసి అక్కగారి ఊరు వెళ్ళిపోతున్నాననీ, కొత్త చిరునామా ఇదీ అనీ, నీ చీర ఎంతసేపటికి ఆరిందో అక్కడికి రాయమనీ రాసింది. నా మొహం చూసి అమ్మ అడిగితే చెప్పాను. అయ్యో పాపం అంది, ఆ వెంటనే అదే ఊపిరితో, "గుమ్మం లోపలికి తేకమ్మా" అంది.

గ్రహణం రోజున పిల్లల చేత జంతికలు తినిపించి, ఇది నీడేరా, ఇంకేమీ కాదురా అని పాఠం చెప్పినదాన్ని. శకునం చెప్పే బల్లి కుడితిలో పడినట్టు, ఆలోచన కన్నా ముందు నా చేతులు కదిలాయి. కార్డుని చిన్న చిన్న ముక్కలు చేసి ఇంటి ముందు కాలువలో పారేశాను. నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది, చిరునామా.

చీర తడుపుకుంటూ కాలువలోకి దిగాను. ఊడ్పులకి వదిలిన నీళ్ళు నిండా పారుతున్నాయి. గుర్రపుడెక్కలో చిక్కుకున్న మూడు ముక్కలు దొరికాయి, సిరా అలికిపోయింది, ఒక ఇంటి నంబరూ సగం ఊరి పేరూ మిగిలాయి. పాత చిరునామాకే రాశాను. నాలుగు నెలలకి, అడ్డంగా ఊదా ముద్ర వేయించుకుని నా సైకిలు బొమ్మ నాకే తిరిగొచ్చింది. భర్త పోయిన మనిషి కబురు పెడితే ఇక్కడ నుంచి పలుకే లేదు. ఆవిడ ఏమనుకుని ఉంటుందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

అంతకన్నా రోత ఇంకొకటుంది. ఆ కార్డు అమ్మ చింపేసిందని అందరికీ చెప్పాను. మా ఆయనకి చెప్పాను, పిల్లలకి చెప్పాను, మూఢనమ్మకాల పాఠంలో ఉదాహరణగా బడిలో కూడా చెప్పాను. ఒకసారి అమ్మ ఎదుటే చుట్టాలకి చెప్పాను. అమ్మ నా వైపు చూసి, వాళ్ళకి కాఫీలు తేవడానికి లేచి వెళ్ళింది. బతికున్నన్నాళ్ళూ ఒక్కసారీ కాదనలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నమే తమ్ముడి భార్య మళ్ళీ ఫోను చేసింది. "సమాధి ఎన్నింటికని రాసేరండి? ఆయ్, నేను తీసేసేను కదండీ" అంది. గ్రూపులో ఇంకో నలుగురిదీ అదే సంగతట. నాలుగు గంటలకని చెప్పాను. ఆవిడని ఛీ అనే మొహం నాకు లేదు.

కార్డు చింపిన చేతులే ఇప్పుడు ఫోను నొక్కుతున్నాయి, మనం మారలేదు. మారిందల్లా ఒకటే, ఇప్పుడు ఆ ఫోనులోనే ఫిన్లండ్‌లో ఎన్ని డిగ్రీలో ఎవరికీ రాయకుండానే తెలిసిపోతుంది. అక్కడ ఇవాళ రెండు డిగ్రీలట. ఇక్కడ నా నేత చీర దండెం మీద ముప్పావుగంటలో ఆరింది.